పక్కకి వాలిన గుర్తు

స్కూలు భవనం, మూడో తరగతి గది

అక్కకి,

నేను బతికే ఉన్నాను. ఈ వార్త విని మన వీధిలో ఎవరెవరు నిరాశపడ్డారో జాబితా పంపు.

ఇక్కడ ఫోన్ టవరు నడుం విరిగి కాలవలో పడుంది. కాబట్టి ఉత్తరాలే గతి. వారానికోసారి సామాన్లు దింపడానికి వచ్చే మన చర్చి వ్యాను డ్రైవరు పట్టుకెళ్తాడు, పట్టుకొస్తాడు. మధ్యలో చదువుతాడేమోనని నాకు అనుమానం. డ్రైవరుగారూ, చదువుతుంటే గనక మీ మీసం బాగుందండీ.

నన్నెందుకు పంపారో నీకు తెలుసు. అయినా ఇంకోసారి చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. ‘ఆదివారం ఆరాధన తొమ్మిది గంటలకు’ అని చర్చి ముందు బోర్డు రాయమన్నారు. పాస్టరుగారు ఏనాడైనా తొమ్మిదిన్నర లోపల వచ్చారా? అందుకని ‘ఆదివారం ఆలస్యం తొమ్మిది గంటలకు’ అని చక్కగా, నీడ అక్షరాలతో సహా రాశాను. మూడు వారాలు ఒక్కడూ చదవలేదు. చదివిన రోజునే ఈ తుఫాను వార్త వచ్చింది. ‘నీ చేతులకి పని తక్కువై నోటికి ఎక్కువైంది, వ్యాను ఎక్కు’ అన్నారు. ఎక్కాను.

మేం పధ్నాలుగు మందిమి. మా నాయకుడు డ్రిల్లు మాస్టారు. రిటైరై పదేళ్ళయినా ఆయన ఈల రిటైరు కాలేదు. పొద్దున్నే మమ్మల్ని పారలతో వరసగా నిలబెట్టి అంకెలు చెప్పిస్తాడు. నేను ఆయన పార కర్ర మీద ‘విశ్రాంతి’ అని రాశాను. ఇప్పుడు ఆయన ‘నా పార ఏదయ్యా’ అంటే అందరూ ‘విశ్రాంతి తీసుకోండి మాస్టారూ’ అంటున్నారు. ఆయనా నవ్వాడు. మంచివాడే.

పని ఒక వరసలో సాగుతుంది. ముందు ఇంట్లో బురద ఎత్తాలి. తర్వాత తడిసిన పరుపులు బయటికి లాగాలి, ఒక్కోటి చచ్చిన గేదెంత బరువుంటుంది. తర్వాత గోడలు కడిగి, బ్లీచింగు కొట్టి, కప్పు మీద రేకులు బిగించాలి. ఆఖరున గడపలో నిలబడి ప్రార్థన. ఒక ఇంట్లో బురద ఎత్తుతుంటే నా పారకి చెప్పు తగిలింది. చిన్న చెప్పు. అందరం పారలు కింద పెట్టి చేతుల్తో తవ్వాం. ఒట్టి చెప్పే. దాన్ని కడిగి కిటికీలో పెట్టాను.

మాకిచ్చిన వీధి చివర ఒక ఇస్త్రీ ఆవిడ ఉంది. సగం కప్పు లేదు, మోకాలెత్తు బురద, ఆవిడ మాత్రం బల్ల మీద ఎవరివో బట్టలు పరిచి బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసుకుంటోంది. ఎవరివమ్మా అంటే ‘వాళ్ళొచ్చి పట్టుకెళ్ళాలి కదా’ అంది. ఆ వీధిలో వచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు ఎవరూ మిగల్లేదని ఆవిడకీ తెలుసు. ఎడమ చేత్తో చేస్తుంది. ముప్పై దాటి ఉంటుంది.

ఇక ఉంటా. ఈల వినిపిస్తోంది.

నీ తమ్ముడు


కుట్టుమిషను ముందు నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. డ్రైవరు మీసం తీసేశాడు, అంటే చదివినట్టే.

ఇన్ని ఊసులు రాసి ఎడమ చేతి సంగతి చివర్లో పెట్టావంటే నన్ను ఆటపట్టిస్తున్నావని అర్థమైంది. ఆ ఊళ్ళో నాకెవరూ లేరని నువ్వు వ్యాను ఎక్కేటప్పుడే చెప్పాను. ఇప్పుడూ అదే చెప్తున్నాను. ఎడమ చేత్తో ఇస్త్రీ చేసేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉంటారు.

అది వెళ్ళిపోయిన రోజున దాని కొలతల చీటీ కూడా చింపేశాను. తొమ్మిదేళ్ళయింది. ఈ తల్లి మాట కాదని బోట్ల మెకానిక్కు వెనకాల పోయింది కదా, వాడే చూసుకుంటాడు.

ఆవిడ ఇస్త్రీ చేసేటప్పుడు కాలరు ముందు లోపలివైపు రుద్ది తర్వాత పైకి తిప్పుతుందా? ఊరికే అడుగుతున్నా. తింటోందో లేదో కూడా రాయి. నేను అడిగానని చెప్పకు.

అక్క


అదే మూడో తరగతి గది

అక్కా,

కాలరు ముందు లోపలివైపే రుద్దుతుంది. నువ్వు నేర్పిందే. మన పిల్లే.

ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళి, గొంతు మార్చి, ‘బట్టలు ఇస్త్రీకి తీసుకుంటారా’ అన్నాను. తలెత్తకుండా, ‘గుడ్డ కట్టుకుంటే మూతి దాగుతుంది గానీ నోరు దాగదు మావయ్యా. ఇంకా పోలేదా నువ్వు?’ అంది. నీ కూతురే, సందేహం లేదు. తింటోంది, మేం పెడితే. నీ సంగతి అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు నవ్వులాట లేకుండా రాస్తాను, కూర్చుని చదువు.

తుఫాను రోజు మధ్యాహ్నం అల్లుడు రేవుకి వెళ్ళాడు. విప్పిన ఇంజనొకటి అక్కడ ఉండిపోయిందట, ఒడ్డుకి చేర్చి గంటలో వస్తానన్నాడట. ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. రేవు అనే చోటు ఇప్పుడు లేదు. వెతికేవాళ్ళు కూడా మానేశారు. రోజూ పొద్దున్నే పిల్ల నడుచుకుంటూ పెద్దాసుపత్రికి వెళ్తుంది. చుట్టుపక్కల దొరికినవాళ్ళ వివరాలు అక్కడ గోడకి అంటిస్తున్నారు. చూసి మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. వచ్చి ఇస్త్రీ మొదలెడుతుంది.

మనింటికి రావే అన్నాను. ‘అతనికి నా ఫోన్ నంబరు నోటికి రాదు మావయ్యా. ఇల్లొక్కటే తెలుసు. నేనిక్కడ లేకపోతే ఎక్కడని వెతుకుతాడు?’ అంది.

అందుకని ఆ ఇంటి పని నేనే నెత్తినేసుకున్నాను. ఆరు రోజులు పట్టింది. రేకులు బిగించాం, ఊడిన తలుపు వేరే ఇంటి బందులతో నిలబెట్టాం. ఈ వీధిలో నిటారుగా ఉన్న తలుపులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

పూర్తయిన ఇంటి తలుపు మీద సిలువ గుర్తు వెయ్యాలని డ్రిల్లు మాస్టారి ఏర్పాటు. దేవుడికీ తెలుస్తుంది, రెండోసారి బురద ఎత్తకుండా మనకీ తెలుస్తుంది అంటాడు. తెల్ల రంగు రాలేదు, వ్యాన్లో ఎర్ర ప్రైమరే వచ్చింది. దాంతోనే వేస్తున్నాను. బోర్డులు రాసేవాణ్ణి కదా, నా సిలువలు మేస్త్రి తూకం గుండు వేలాడదీసినట్టు నిలువుగా ఉంటాయి. మన పిల్ల తలుపు దగ్గరకొచ్చేసరికి కోతి బుద్ధి పుట్టింది. సిలువని బాగా పక్కకి వాల్చి వేశాను, పని చేసి చేసి గోడకి చేరగిలబడ్డట్టు. అది బయటికొచ్చి చూసి, ‘ఏంటి మావయ్యా, మీ దేవుడికి కూడా నడుం నొప్పా?’ అని నవ్వింది. ఇరవై మూడు రోజుల్లో మొదటిసారట. పక్క వీధి టైలరు చెప్పాడు. చెరిపి సరిగ్గా వేస్తానంటే, ‘ఉండనీ, బాగుంది’ అంది.

ఉంచేశాను.

తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నవ్వింది అన్న చోట ఆగిపోతున్నాను.

వ్యాన్లో ఒక జత బట్టలు పంపుతున్నా. చీటీ చింపాను గానీ కొలతలు నా వేళ్ళకి గుర్తున్నాయి. తొమ్మిదేళ్ళకి నడుం దగ్గర అంగుళం వదిలాను. నేను కుట్టానని చెప్పకు, చర్చికి ఎవరో ఇచ్చారని చెప్పు. కుట్టు చూసి అది కనిపెడితే కనిపెట్టనీ.

దాన్ని తీసుకురారా. నువ్వు ఏం చేస్తావో నాకు తెలీదు. చచ్చినవాడి కోసం గడపలో కూర్చుని నా పిల్ల చిక్కి శల్యమవడం నేను వినలేను. వాడు పోయాడని నువ్వు రాయలేదు, నాకు తెలుస్తోంది. నీకూ తెలుసు. ఆ పిల్లకే తెలీదు.

చెప్పకూడని మాట చెప్తున్నా. ఊరంతా కూలింది కదా, ఆ ఒక్క ఇల్లు ఎందుకు మిగలాలి? అది కూడా పోయుంటే ఈపాటికి నా పిల్ల నా దగ్గర ఉండేది. దేవుడు అన్నీ తీసుకుని దాన్నొక్కటీ వదలడం దయా, పగా? నువ్వు పోయి పోయి దానికి రేకులు బిగించావు. నవ్వించడం వచ్చుగానీ నీకు బుద్ధి రాదు.

దాన్ని తీసుకురా.

అక్క


స్కూలు భవనం

అక్కా,

ఇల్లు పోయింది.

మొన్న పొద్దున మున్సిపాలిటీ వాళ్ళు బుల్డోజరు తెచ్చారు. పడబోయే ఇళ్ళకి వాళ్ళు వేరే వీధుల్లో ముందే గుర్తులు పెట్టారట. ఎర్ర రంగుతోనే. వాళ్ళ గుర్తు ఇంటూ మార్కు. మన సిలువ పక్కకి వాలితే ఇంటూనే కదా. మాకు తెలీదు. నేను వేరే వీధిలో పనిలో ఉన్నాను. పిల్ల ఆసుపత్రికి వెళ్ళింది. తలుపు కొట్టారట, ఎవరూ పలకలేదు, లాగేశారు. పది నిమిషాల పని అది. ఆరు రోజులు కట్టింది పది నిమిషాలు.

పిల్ల మధ్యాహ్నం వచ్చింది. ఏడవలేదు. తలుపు చెక్క విరిగి ఒక పక్కన పడుంది, దాని మీద గుర్తు కనిపిస్తోంది. దాన్నే చూస్తూ, ‘నేనే ఉంచమన్నాను’ అంది. నేను వేసింది నేనే కదే అన్నాను. ‘నువ్వు నవ్వించడానికి వేశావు మావయ్యా. చెరుపుతానన్నావు కూడా. నేనే వద్దన్నాను’ అంది.

డ్రిల్లు మాస్టారు ఆ బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు. సిలువ గుర్తు పెట్టమన్నది నేను, అధికారుల్ని అడక్కుండా పెట్టమన్నది నేను, నన్ను క్షమించమ్మా అన్నాడు. డెబ్బయ్యేళ్ళ మనిషి. ఆయన్ని నేనూ ఇంకో ఇద్దరూ పట్టుకుని లేపాం. ఆ సాయంత్రం పధ్నాలుగు మందిమీ కిరసనాయిలు గుడ్డలతో వీధి వీధీ తిరిగి మేం వేసిన సిలువలన్నీ తుడిచాం.

ఇస్త్రీ పెట్టె ఒకటి పోలేదు. నా దగ్గర భద్రంగా ఉంటే ఇచ్చాను. అదొక్కటే మిగిలింది దానికి.

వస్తుందని ఆశపడకు. గోడలు పోయినా కింద గచ్చు ఉంది. దాని మీద ప్లాస్టిక్ పట్టా కట్టుకుని కూర్చుంది. అతనికి చోటు గుర్తుంటుంది అంటోంది.

తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడూ,

ముందు నిజం రాస్తాను. ఇల్లు పోయిందని చదవగానే నా గుండె తేలికైంది. మనిషి జన్మ ఎంత పాడుదో చూడు. లేచి వెళ్ళి వెనక గది సర్దాను. దాని మంచం మీద బట్టల తానులు పెట్టుకుంటున్నాను కదా, అన్నీ దింపేశాను. కొత్త దుప్పటి పరిచాను. అప్పుడు కూర్చుని మళ్ళీ చదివాను.

నాకు చదువు నాలుగో తరగతి. కానీ ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను. బట్ట లోపలికి తిప్పి చూస్తే కుట్టు ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

తలుపు కొట్టి, ఎవరూ లేరని లాగేశారన్నావు. నువ్వు వేరే వీధిలో ఉన్నానన్నావు. పిల్ల ఆసుపత్రిలో ఉంది. మరి ఇస్త్రీ పెట్టె నీ దగ్గరికి ఎలా వచ్చిందిరా?

అక్క


ఆ గచ్చు పక్కన, పట్టా కింద నుంచి

అక్కా,

నువ్వు అడుగుతావని తెలిసే రాశానేమో. పదిహేను రోజులు ఆలోచించాను. రెండు వ్యాన్లు ఒట్టి చేతుల్తో పంపాను.

ఆ పొద్దున నీ ఉత్తరం జేబులో ఉంది. వీధి మొదట్లో పడిపోయిన నీళ్ళ ట్యాంకు ఉంది, దాని నీడలో బుల్డోజరు డ్రైవరు టీ తాగుతున్నాడు. నేను ప్రైమరు డబ్బా, కుంచె పట్టుకుని వెళ్తూ ఆగి పలకరించాను. ఏయే ఇళ్ళు లాగుతావయ్యా అంటే, ‘నాకు చదువు రాదన్నా, గుర్తే చూస్తా. గీత నిలువుగా ఉంటే చర్చోళ్ళది, వదిలెయ్యమన్నారు. వాలుగా ఉంటే మాది, లాగెయ్యమన్నారు. ఈ టీ అయ్యాక ఈ వీధే’ అన్నాడు.

నాకు అప్పుడే తెలిసింది. డబ్బా నా చేతిలో ఉంది. కుంచె నా చేతిలో ఉంది. రెండు గీతలు నిలబెడితే చాలు. లేకపోతే అక్కడే, ‘బాబూ, అది నేను వేసిందే’ అంటే చాలు. అరగంట ఉంది నాకు.

ఇంటి వరకూ వెళ్ళాను. తలుపు తీసి లోపలికి వెళ్ళాను. చెరపడానికే వెళ్ళాననుకున్నాను, ఒట్టు. బల్ల మీద పెట్టె కనిపించింది. బొగ్గులు చల్లారి ఉన్నాయి. దాన్ని తీసుకుని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను. ఆ గుర్తుకేసి చూశాను. ఇది పోతే పిల్ల అక్క దగ్గరికి వస్తుంది అనుకున్నాను. అల్లుడు పోయాడు, ఇది కూడా పోతే లెక్క సరిపోతుంది, కొన్నాళ్ళు ఏడ్చి మనుషుల్లో పడుతుంది అనుకున్నాను. మళ్ళీ ట్యాంకు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆయన రెండో టీ తాగాడు. వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. నేనొక జోకు కూడా వేశాను, ఆయన నవ్వాడు. తర్వాత ఇంజను వేశాడు.

దాని పెట్టె ఒకటే తెచ్చాను చూడు. పెరటి తీగ మీద అల్లుడి చొక్కాలు ఆరేసి ఉన్నాయి. వాటికేసి చెయ్యి చాపలేదు. చచ్చినవాడికి చొక్కాలెందుకనుకున్నాను. అంటే నా మనసులో నేను అతన్ని అప్పటికే పూడ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పలేకే పదిహేను రోజులు.

ఇల్లు కూల్చిన మర్నాడు ఒక మనిషి వచ్చాడట. తలకి కట్టు, కుడి కాలు ఈడుస్తూ నడుస్తున్నాడట. మేమంతా ఆ రోజు అవతలి పేటలో ఉన్నాం, పిల్ల ఆసుపత్రి గోడ దగ్గర ఉంది. అప్పటికింకా పట్టా కట్టలేదు, ఒట్టి గచ్చు, మేం తుడవని గుర్తుతో విరిగిన తలుపు. ఆయన ఆ తలుపు చెక్క దగ్గర చాలాసేపు నిలబడి, టీ కొట్టువాణ్ణి అడిగాడట, ఈ ఇంట్లో మనిషి ఏమైందని. టీ కొట్టువాడు కొత్తగా వచ్చినవాడు. ‘ఆ గుర్తున్న ఇళ్ళల్లో ఎవరూ మిగల్లేదు బాబూ’ అన్నాడట. ఆ మనిషి తల ఊపి, నీళ్ళు అడిగి తాగి, బస్సులు ఆగే వైపు వెళ్ళాడట. పేరు చెప్పలేదు.

అల్లుడో కాదో తెలీదు. ఈ ఊళ్ళో ఇప్పుడు కాలు ఈడ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. టీ కొట్టువాడు మాటల మధ్య ఈ ముక్క పిల్లతోనే అనేశాడు. అప్పట్నుంచి అది ఆసుపత్రికి వెళ్ళడం మానేసి బస్సుల దగ్గరికి వెళ్తోంది. దిగే ప్రతివాడి కాళ్ళకేసి చూస్తోంది.

డ్రిల్లు మాస్టారికి జ్వరం పట్టుకుంది. నిద్రలో కూడా క్షమించమంటున్నాడు. వచ్చే వ్యాన్లో ఇంటికి పంపేస్తున్నారు. ఆయన ఎదురుగా కూర్చుని గంజి తాగించాను. నిజం చెప్పలేదు.

నన్ను తిట్టు.

తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడూ,

తిట్టలేను. నువ్వు చేసింది నేను రాసిందే.

నేను ఆ ముక్క రాసిన ఉత్తరం నీ దగ్గరుంటే చింపెయ్. కాల్చెయ్. పిల్లకి ఏమీ చెప్పకు. చెప్తే నీకు బరువు దిగుతుంది, దాని నెత్తికెక్కుతుంది. మున్సిపాలిటీ వాళ్ళు చేశారని అనుకుంటోంది, అనుకోనీ. మాస్టారు తనే చేశాననుకుంటున్నాడు, ఆయన పెద్దవాడు, ప్రార్థన చేసుకుంటాడు. తల్లీ మావయ్యా కలిసి చేశారని తెలిస్తే దానికి ఈ లోకంలో ఇంకెవరున్నార్రా?

నేను పిరికిదాన్ని. ఒప్పుకుంటున్నా. తొమ్మిదేళ్ళు పంతం పట్టినదాన్ని ఇప్పుడు కాళ్ళు పట్టుకుంటున్నా. ఆ వచ్చినవాడు అల్లుడు కాడు. కాడనుకో. నవ్వించి, ఎలాగోలా బస్సెక్కించు. నవ్వించడం నీకు వచ్చు కదా.

చెప్పకు.

అక్క


గచ్చు మీద నుంచి

అక్కా,

నీకు ఆలస్యంగా రాస్తున్నాను. మన చర్చివాళ్ళు వెళ్ళిపోయి రెండు నెలలు దాటింది. పోస్టు మొదలైంది కాబట్టి ఇది పోస్టులో వస్తుంది. డ్రైవరుగారు చదవక్కర్లేదు.

పిల్లకి చెప్పేశాను.

నువ్వు చెప్పొద్దన్నావు, నేనూ వద్దనే అనుకున్నాను. మొన్నొక రోజు బస్సుల దగ్గర్నుంచి వచ్చి, ‘మావయ్యా, అందరూ వెళ్ళిపోయారు, నువ్వొక్కడివే నాకోసం ఉండిపోయావు. మా అమ్మకి కూడా లేనంత ఇదిగా ఉన్నావు’ అని నా చొక్కా తీసుకుని ఇస్త్రీ చెయ్యడం మొదలెట్టింది. కాలరు లోపలివైపు రుద్దుతోంది. నా వల్ల కాలేదు.

చెప్తున్నంతసేపూ ఇస్త్రీ ఆపలేదు. చేతులు చేసి, మడతపెట్టి, పక్కన పెట్టింది. అప్పుడు అడిగింది.

‘ఎంతసేపు ఉంది నీకు?’

‘అరగంట.’

‘ఎందుకు?’

‘నిన్ను ఇంటికి తీసుకెళ్దామని.’

‘ఎవరింటికి?’

నేను ఆ చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

‘ఎక్కడ నిలబడ్డావు?’ అంది. చూపించమంది. వీధి మొదటి దాకా తీసుకెళ్ళాను. ట్యాంకు తీసేశారు, చోటు ఉంది. ఇక్కడ అన్నాను. నన్ను పక్కకి జరగమని తను అక్కడ నిలబడింది. నా కాళ్ళు ఎటు ఉన్నాయో అడిగి అటు తిరిగింది. మన గచ్చు వైపు, తలుపు ఉండాల్సిన చోటుకేసి చాలాసేపు చూసింది. నేను మనసులో దేవుణ్ణి బతిమాలాను అక్కా, అక్కణ్ణుంచి కనిపించదని అంటే బాగుండునని. ఏదో గోడ అడ్డమొచ్చిందని, దూరమైందని.

‘కనిపిస్తుంది’ అంది.

అంతే. తిట్టలేదు. కొడుతుందేమోనని తల దించాను, కొట్టలేదు. తిరిగొచ్చి, ‘తీగ మీద నీలం చొక్కా ఉందా, తీసేశానా నేను?’ అని అడిగింది. ఉంది అన్నాను. తల ఊపింది. నువ్వు పంపిన జత ఇన్నాళ్ళూ మడత విప్పలేదు, కుట్టు ఎవరిదో మొదటి రోజే తెలుసు దానికి. ఆ బట్టలు గచ్చు మీద వదిలేసి, మిగిలినవి సంచీలో పెట్టుకుంది. నీ ఉత్తరం సంగతి నేను చెప్పలేదు. ‘అమ్మకి తెలుసా?’ అని అది అడగనూ లేదు. అడగకపోవడం చూస్తే తెలిసే ఉంటుంది.

తెల్లారి బస్సెక్కింది. ఎటు వెళ్ళే బస్సని అడిగితే, ‘ఆసుపత్రులున్న ప్రతి ఊరూ’ అంది. మావయ్యా అనలేదు. ఆ తొమ్మిదేళ్ళూ నీతో మాట్లాడని మనిషి ఇకనుంచి నాతో కూడా మాట్లాడదని నాకు అర్థమైంది.

డ్రిల్లు మాస్టారికి విడిగా రాశాను, తప్పు ఆయనది కాదని. ఉత్తరం వెనక్కి వచ్చింది. చిరునామాదారు లేరు అని రాసి ఉంది. ఎప్పుడు పోయారో నువ్వు నాకు రాయలేదు. రాయలేకపోయావేమో.

నన్ను రమ్మని రాయకు. పిల్ల చెప్పింది నిజమే కదా, అల్లుడికి ఇల్లొక్కటే తెలుసు. ఆ వచ్చినవాడు అతనే అయితే, ఏ ఊళ్ళోనో కూర్చుని ఆలోచించి, మనసు ఒప్పుకోక, మళ్ళీ ఒకసారి చూసిపోదామని రావచ్చు. అప్పుడిక్కడ ఒక మనిషి ఉండాలి, బతికే ఉంది నాయనా, నిన్ను వెతుక్కుంటూ వెళ్ళింది అని చెప్పడానికి. టీ కొట్టువాడి మీద నాకు నమ్మకం లేదు. పగలు ఇక్కడే కూర్చుంటున్నాను. దుకాణాలకి బోర్డులు రాసిపెడుతున్నాను, ఇక్కడికే తెచ్చిస్తున్నారు. అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం ఒకాయన కాలు ఈడ్చుకుంటూ వీధిలోకి వచ్చాడు. తలకి కట్టు లేదు గానీ మచ్చ ఉంది. కుంచె పడేసి ఎదురు పరిగెత్తాను. ఆయన భయపడి ఆగిపోయాడు. ఎవరి కోసం అని అడిగాను. తన చెల్లెలి కోసం అన్నాడు. ఇంటి నంబరు చెప్పాడు. చూపించాను. అక్కడ గచ్చు కూడా లేదు.

తమ్ముడు